ఇనుప చెఱ

పోలీసులు ఒక మనుష్యుని నిష్కారణముగా నిర్బంధించిన యెడల వాని బంధువులు హైకోర్టు తలుపు తట్టవచ్చును. పట్టుకొనిన 24 గంటలలోపల వానిని మేజిస్ట్రేటు నెదుట నిలుపవలెనని మన రాజ్యాంగము 22వ అధికరణమున శాసించుచున్నది. ఏ గంటకు పట్టుకొనిరి, ఏ గంటకు విడిచిరి, నడుమ అన్నము పెట్టిరా, వైద్యునికి చూపిరా యని న్యాయమూర్తులు గుచ్చి గుచ్చి యడుగుదురు. అది న్యాయమే. కాని ఆ మనుష్యుడే నడిరేయి జాతీయ రహదారిపై నుగ్గయిన లారీ క్యాబినులో, స్టీరింగునకును సీటునకును నడుమ కాళ్లు రెండును నలిగి, మూడు గంటలసేపు కేకలు వేసి తెల్లవారుజామున కన్నుమూసిన యెడల ఆ మూడు గంటల లెక్క నడుగు న్యాయస్థానము ఈ దేశమున లేదు. ఆ చెఱకు డైరీ లేదు. ఆ చెఱసాలకు జవాబుదారియగు అధికారి లేడు.

ఇది అతిశయోక్తి యని తలచు పాఠకులు మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునలులో ఒక్క దినము కూర్చుండి చూడవలెను. ఏండ్ల తరబడి మేమా కాగితములు చదువుచునే యున్నాము. పంచనామాలో టైరు జాడ ఎన్ని అడుగుల పొడవున్నదో యుండును. బంపరు ఏ మేర వంగినదో, మోటారు వాహనముల ఇన్‌స్పెక్టరు బ్రేకులను పరీక్షించి యేమి వ్రాసెనో యుండును. మృతుని వయస్సు, నెలజీతము, వానిపై నాధారపడిన వారి సంఖ్య యుండును. 2009లో సుప్రీంకోర్టు సరళావర్మ కేసున స్థిరపఱచిన గుణకము ప్రకారము వాని ప్రాణమునకు వెల కట్టబడును. వాదించువారము మేమే, హెచ్చు వెల సంపాదించితిమని సంతోషించువారమును మేమే. కాని యతడు బండిలో నెంతసేపు చిక్కుకొని యుండెను? మొదట వచ్చినవారెవరు? ఏ పనిముట్టుతో తీసిరి? తీయునపుడు తెలివి యుండెనా? ఈ ప్రశ్నలకు జవాబు మేము చదివిన కాగితములలో ఒక్కదానియందును కానరాలేదు. తప్పెవరిదో తేల్చుటకు చట్టమునకు ఇంత పట్టుదల యున్నది. తప్పు జరిగిన పిమ్మట ఇంకను ఊపిరితో నున్నవానిని దక్కించుకొనవలసిన భారమెవరిదో తేల్చుటకు ఆ పట్టుదల యేమయ్యెను?

2022వ సంవత్సరమున దేశమంతట 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగి 1,68,491 మంది మరణించిరని కేంద్ర రవాణా శాఖవారే ప్రకటించిరి. దినమునకు 460 మందికి పైగా నన్నమాట. ఏ వాహనమువారు ఎందరు, ఏ వయస్సువారు ఎందరు, ఏ జామున ఎందరు అను పట్టికలు అందు పుష్కలముగా నున్నవి. తాకిడికే తక్షణము పోయినవారెందరో, ఇనుములో చిక్కి, సాయమందక, కొంతసేపు బ్రదికి పోయినవారెందరో చెప్పు పట్టిక మాత్రము మాకు కనబడలేదు. లెక్కింపబడని వస్తువును సర్కారు ఎన్నడును బాగుచేయదు. ఇది రెవెన్యూ శాఖ మొదలు పురపాలక సంఘము వరకు మనమెఱిగినదే.

మేము కన్నులార చూచిన ఒక రాత్రిని చెప్పెదము. ఊరి పేరు చెప్పము. ఆ యూరివారిని నిందించుట మా యుద్దేశము కాదు. రాయలసీమలో ఒక రహదారి. ఆగియున్న ట్రాలీని వెనుకనుండి వచ్చిన లారీ గుద్దుకొన్నది. క్యాబిను ముందుభాగము లోనికి చొచ్చుకొనివచ్చి డ్రైవరు మోకాళ్లను బిగించినది. క్లీనరు కుఱ్ఱవాడు ఎట్లో బయటపడి "అన్నా! అన్నా!" యని రోడ్డుమీద పరుగులిడుచున్నాడు. మేము చేరుసరికి నలువదిమంది మూగియుండిరి. అందఱును మంచివారే. ఒకడు సీసాతో నీళ్లు తెచ్చి డ్రైవరు నోట పోయుచున్నాడు. నలుగురు కలిసి వాని చంకలక్రింద చేతులు వేసి లాగిరి. వాడు పెట్టిన కేకకు వదలివైచిరి. మఱికొందఱు క్యాబినుకు వైరు రోపు కట్టి దానిని మఱొక లారీకి తగిలించి వెనుకకు లాగించిరి. బండి యంతయు ఒక్క పెట్టున కదలెనేగాని వాని కాళ్లు వదలలేదు. పదిపన్నెండు సెల్‌ఫోనులు వెలుగుచున్నవి. కొన్నింటి వెలుతురు సాయమునకు, కొన్నింటివి చిత్రములకు. తరువాత టోలుగేటు క్రేను వచ్చినది. దాని నడుపువాడు దిగి మొదట నడిగిన ప్రశ్న, బండిని ప్రక్కకు లాగవలెనా యని! వానిదియు తప్పు కాదు. వానికి జీతమిచ్చువారు వానికి నేర్పిన పని అదియే. అంబులెన్సు వచ్చినది. అందు స్ట్రెచరు, ఆక్సిజను, కట్లు కట్టు సామగ్రి అన్నియు నున్నవి. ఇనుమును తొలగించు పనిముట్టు మాత్రము లేదు. ఫైరింజను వచ్చినది. అందు కటరున్నది, దానిని త్రిప్పు యంత్రము మాత్రము పలుకలేదు. ఎన్ని నెలల క్రిందట దానిని త్రిప్పి చూచిరో పాపము ఆ సిబ్బందికే జ్ఞాపకము లేదు. కట్టకడపట దాపునున్న షెడ్డునుండి గ్యాస్ కటింగు చేయువాడొకడు సిలిండరుతో వచ్చెను. క్రింద డీజిలు కారుచుండగా, ఇసుక బక్కెట్లు చేతబట్టుకొని మేము ప్రక్కన నిలువగా, వాడును గడ్డపారలు పట్టిన మఱి ముగ్గురును కలిసి ఆ డ్రైవరును విడిపించిరి. మొత్తము రెండు గంటల పది నిమిషములు పట్టినది. గడియారము చూచి వ్రాసికొనినవారము మేమొక్కరమే.

ఆ రెండు గంటలును తెలిసి పని చేసిన మనిషి అక్కడ ఒక్కతె యున్నది. ఆమె టీ అంగడి ముసలమ్మ. అందఱును ఇనుమువంక చూచుచుండగా ఆమె మెట్టెక్కి పగిలిన కిటికీలోనుండి వాని చేయి పట్టుకొన్నది. "నాయనా, నీ పేరేంది? యా ఊరు మీది? పిల్లోల్లెంతమంది?" యని అడుగుచునే యున్నది. వాడు కన్నులు మూయబోయినపు డెల్ల పేరు పెట్టి పిలిచినది. గ్యాస్ మంట వెలిగించు ముందు "సప్పుడైతాది, భయపడొద్దు, నేనీడనే ఉండా" యని చెప్పి తన కొంగు వాని ముఖముమీద కప్పినది. వాని కాలొకటి పోయినది, ప్రాణము దక్కినది. ఏడాది తరువాత పరిహారపు దావా నిమిత్తము వాడు కఱ్ఱల సాయముతో మా యాఫీసునకు వచ్చి, దావా సంగతి యెత్తక పూర్వమే, "సార్, ఆ అవ్వ ఇంకా ఆడనే అంగడి పెట్టుకోనుందా?" యని అడిగెను. ఆ రాత్రి పని చేసినవారిలో వాని మనస్సున నిలిచినది ఆమె యొక్కతెయే.

మన ప్రజలకు దయ లేదని సభలలో చెప్పు పెద్దలు కొందఱున్నారు. వారితో మేమేకీభవింపము. దయ కొఱత లేదు. శిక్షణ కొఱత యున్నది, దానికి తోడు పోలీసు స్టేషను భయమున్నది. ఆ భయమును తొలగించుటకు చట్టము చేయవలసినదంతయు చేసినది. గాయపడిన వానికి ముందు చికిత్స, కాగితములు తరువాత యని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద కటారా కేసున చెప్పినది. సాయపడినవానిని వేధింపరాదను మార్గసూత్రములకు 2016 మార్చి 30వ తేదీన అదే న్యాయస్థానము చట్టబలము నిచ్చినది. 2019లో మోటారు వాహనముల చట్టమున 134-ఏ అను సెక్షను చేరినది. 2020లో వచ్చిన 168వ నియమము ప్రకారము ఆసుపత్రులన్నియు, సర్కారువైనను ప్రైవేటువైనను, సాయపడినవాని హక్కుల పత్రమును హిందీ, ఇంగ్లీషులతో పాటు ప్రాంతీయ భాషలోను ద్వారమువద్ద ప్రకటింపవలెను. పాఠకులారా, మీ పట్టణములోని ఆసుపత్రుల ద్వారములవద్ద ఆ తెలుగు పలక నెన్నింట చూచితిరి? డాక్టర్ల పేర్లు, డిగ్రీలు, గదుల అద్దెలు అన్నియు గోడలపై నున్నవి గదా!

ఇక శిక్షణ మాట. ఇచ్చట మా తప్పును మేమే ఒప్పుకొనవలసియున్నది. చాల ఏండ్ల క్రిందట ఒక సేవాశిబిరమున మేము ప్రథమచికిత్స నేర్చుకొంటిమి. ప్రమాదమున చిక్కినవాని మెడను ఇసుమంతయు కదలింపరాదు, కదలించిన వెన్నుపాము తెగి జన్మమంతయు మంచము పట్టును అని మాకు బోధించిరి. ఆ పాఠమును వేదవాక్యముగా పట్టుకొంటిమి. తరువాత కొన్నాళ్లకు ఒక కారు కల్వర్టును గుద్దుకొనిన చోట మేముంటిమి. కారు నడిపినవాడు ఉపాధ్యాయుడు. తెలివితోనే యున్నాడు, మాటలాడుచున్నాడు, కాళ్లేవియు ఇఱుకుకొనలేదు. ఒకవైపు తలుపు తెఱచుకొన్నది. "నేను దిగుతాను, చెయ్యి ఇవ్వండి" యని ఆయన రెండుమూడు మార్లు అడిగెను. "కదలవద్దు మాస్టారూ, మెడకు ప్రమాదము" అని మేమే ఆపితిమి. అంబులెన్సు వచ్చుటకు నలువది నిమిషములు పట్టినది. ఆయన కడుపులో రక్తము కారుచుండెనని ఆసుపత్రిలో తేలినది. మఱునాటి తెల్లవారుజామున ఆయన పోయెను. ఆ నలువది నిమిషములే కారణమని మేము చెప్పజాలము. కావని కూడ చెప్పజాలము.

అప్పుడు మాకు తెలియనిది ఇప్పుడు లోకమునకు తెలిసినది. బ్రిటనులో వైద్యులును అగ్నిమాపక దళములవారును కలిసి ఈ ప్రశ్ననే చేతబట్టిరి. 2012 మొదలు 2018 వరకు అచ్చటి ఆసుపత్రులలో చేరిన క్షతగాత్రుల వివరములను పరిశీలించి 2021లో ప్రకటించిరి. బండిలో చిక్కుకొని తీయబడినవారిలో నూటికి 8.9 మంది మరణించిరి. చిక్కుకొనక బయటపడినవారిలో నూటికి 5 గురు. ఇక ఏ భయముచేత రక్షకులు చాలసేపు బండిపైకప్పును కోసి, స్తంభములను కోసి, రోగిని పలకవలె కదలకుండ తీయుచుండిరో ఆ వెన్నుపాము గాయము చిక్కుకొనినవారిలో నూటికి ఒక్కనికైనను లేదు. అనగా నూటికి ఒక్కనికి లేని గాయమునకు వెఱచి, రక్తము కారుచున్న తక్కినవారిని ఇనుములో నిలిపియుంచుచుండిరి! అంతటితో నాగక ఆరోగ్యవంతులగు మనుష్యులకు కొలత యంత్రములు కట్టి, కప్పు తీసి పలకపై జాఱ్చిన యెడల మెడ ఎంత కదలును, తనంతట తాను దిగివచ్చిన యెడల ఎంత కదలును అని కొలచి చూచిరి. తనంతట తాను దిగివచ్చినపుడే మెడ తక్కువ కదలినది. ఎన్నో ఏండ్ల పాఠము తలక్రిందులయ్యెను. వారి నిపుణులు కూడి మార్గసూత్రములను మార్చుకొనిరి. మొదట చిక్కుకొనినవానిని అడుగుము. చెప్పినది తెలిసికొని నడచుకొనగలడా, ఒక కాలిమీదనైనను నిలువగలడా చూడుము. తుంటియెముక చితికినను, రెండు కాళ్లును విఱిగినను, ఇనుపకమ్మి దేహమున గ్రుచ్చుకొనినను అట్లు దింపరాదు. అవి లేనిచో చేయూతనిచ్చి వానినే దిగనిమ్ము అన్నది ఆ నూతన మార్గము.

దీనిని చదివి, ఇక కనబడిన వానినెల్ల పట్టి లాగవచ్చునని ఎవరును తలపరాదు. తానై దిగుట వేఱు, పదిమంది కలిసి లాగుట వేఱు. లాగుటయందు మెడయు పోవును, విఱిగిన కాలియెముక నరమును కోయును. మేము చెప్పునది ఒక్కటే: చేయిచాచుటకు ముందు ఆ మనుష్యుని అడుగుడు. అతడు సామాను కాడు. టీ అంగడి ముసలమ్మకు ఈ సంగతి ఏ పరిశోధనమును లేకుండనే తెలిసినది. బ్రిటనువారు బ్రదికి బయటపడినవారిని పిలిచి ఆ గడియలలో మీకేమి కావలసెనని అడుగగా వచ్చిన జవాబులును అవియే. ఒక్కరు దగ్గఱ నిలిచి పేరుతో పిలువవలెను. జరుగబోవునది ముందే చెప్పవలెను. కూడ ప్రయాణించిన భార్యయో బిడ్డయో ఎట్లున్నారో తెలుపవలెను. ఆ దురవస్థలో తమ చిత్రములు తీయరాదు. వీనిలో ఏ ఒక్కదానికైనను విదేశీ యంత్రము కొనవలెనా? టెండరు పిలువవలెనా?

కాళ్లు నిజముగా బిగిసిపోయినవాని సంగతి వేఱు. అచ్చట యంత్రమే కావలెను. నూనె ఒత్తిడితో ఇనుమును ఎడలించు దవడలు, కోయు కత్తెరలు ఈనాటివి కావు. మోటారు పందెములలో డ్రైవర్లను తీయుటకు పట్టు కాలమును చూచి అమెరికాలో జార్జి హర్స్టు అను నతడు 1960వ దశకమున వీనిని కల్పించెను. ఇప్పుడు బ్యాటరీతో నడచునవి, ఒక్కడు చేతబట్టుకొనగలవి వచ్చినవి. వానిని కొనుట గొప్ప కాదు. కొనినవానికి పూలదండ వేసి, మంత్రిగారిచేత జెండా ఊపించి, తరువాత గదిలో పెట్టి తాళము వేయుటయే మన యాచారమయినది. వయొలిను కొనినంతమాత్రమున సంగీతము వచ్చునా? ఇనుప బండి ఎచ్చట బలహీనమో, విప్పుకొనని గాలిసంచి ఎచ్చట నున్నదో, కదలకుండ బండిని దిమ్మెలతో ఎట్లు నిలుపవలెనో, బ్యాటరీ తీగ ఎప్పుడు విప్పవలెనో, విద్యుత్తు కారులో నారింజరంగు తీగను ఏల తాకరాదో ఇవన్నియు బండ్లను కోసి కోసి నేర్చుకొనవలసిన విద్యలు. కోయుటకు బండ్లెక్కడివి అందురేమో! 2021లో పాత వాహనములను తుక్కు చేయు విధానమును కేంద్రప్రభుత్వమే తెచ్చినది. అచ్చట నలుగగొట్టబడు ప్రతి బండియు, నలుగగొట్టుటకు ముందు ఒక పూట అగ్నిమాపక సిబ్బంది చేతికి ఇచ్చిన యెడల వచ్చు నష్టమేమి? బెజవాడ ఆటోనగరున లారీ బాడీలను కట్టు పనివారున్నారు. ఏ లారీ క్యాబినులో ఏ కోణము ఎచ్చట అతుకబడినదో వారికి కంఠస్థము. మన సిబ్బందికి వారికన్న మంచి గురువులెవ్వరు? మన అధికారులు శిక్షణ యనగానే దూరదేశములవంక చూతురు. ఆటోనగరువంక చూచినవారు మాకు కనబడలేదు.

ఒక్క మాట వైద్యులతో చెప్పవలసియున్నది. గంటల తరబడి నలిగిన కండరమునుండి, ఒత్తిడి తీసినంతనే, విషపదార్థములు రక్తమున కలిసి గుండెను, మూత్రపిండములను దెబ్బతీయును. 1941లో లండను నగరముపై బాంబులు పడినపుడు శిథిలములనుండి తీయబడినవారిని చూచి బైవాటర్సు, బీలు అను వైద్యులు దీనిని వర్ణించిరి. కావున అట్టివానికి ఇనుము తీయుటకు పూర్వమే సెలైను ఎక్కింపవలసి యుండును. అనగా కోయువాడును వైద్యము చేయువాడును ఒకరి ముఖమొకరు చూచుకొని పని చేయవలెను. నేడు వారు వేఱువేఱు శాఖలవారు. వేఱువేఱు నంబర్లకు పలుకువారు. 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15వ తేదీన మన హైదరాబాదుననే ఆరంభమై దేశమునకు మార్గము చూపినది. అది మనకు గర్వకారణమే. కాని 108కి ఫోను చేసి మనిషి బండిలో ఇఱుకుకొన్నాడని చెప్పిన మాట, అదే క్షణమున ఫైరు స్టేషనులో గంట కావలదా? అంబులెన్సు వచ్చి, చూచి, అప్పుడు 101కి కబురు పంపుటతో పోవు ఆ యిరువది నిమిషములు ఎవరి సొత్తు?

బస్సుల సంగతి తలచుకొనిన గుండె చెఱువగును. 2013 అక్టోబరు 30వ తేదీన మహబూబునగరు జిల్లా పాలెమువద్ద బెంగుళూరునుండి హైదరాబాదునకు వచ్చుచున్న బస్సు కల్వర్టును గుద్దుకొని మండిపోగా 45 మంది సజీవదహనమైరి. అద్దములు పగులగొట్టుకొనగలిగిన కొద్దిమందియే మిగిలిరి. 2025 నవంబరు 3వ తేదీన చేవెళ్ల దాపున కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును గుద్దుకొని, కంకర ప్రయాణికులమీద కుమ్మరించుకొనిపోగా 19 మంది ప్రాణములు పోయినవి. కంకరను తోడినగాని మనిషి కనబడని ఆ చోట జేసీబీ యెట్లు పని చేయవలెను, ఎచ్చట ఆగి చేతితో తోడవలెను అనునది జేసీబీ డ్రైవరునకు ముందుగా నేర్పవలసిన విద్య కాదా? రహదారి ప్రక్కనున్న ప్రతి జేసీబీ, ప్రతి క్రేను ఏదో ఒకనాడు రక్షకయంత్రము కాకతప్పదు. వానిని నడుపువారిని ఆనాటికి సిద్ధపఱచినవారెవ్వరు?

ధనము లేదను మాట మేము వినదలచుకొనలేదు. రహదారిపై బండ్లు టోలు కట్టుచునే యున్నవి. 2025లో కేంద్రప్రభుత్వము రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు దినములవరకు, 1,50,000 రూపాయలకు మించకుండ, రొక్కము కట్టనక్కఱలేని చికిత్స పథకమును ప్రకటించినది. సుప్రీంకోర్టు మందలించిన తరువాతనే యైనను, మంచిదే. కాని చట్టమును విప్పి చదువుడు. మోటారు వాహనముల చట్టము 2వ సెక్షను 12-ఏ ఉపవాక్యమున 'గోల్డెన్ అవర్' అనగా నేమో నిర్వచింపబడినది: గాయము తగిలిన తరువాతి ఒక గంట. ఆసుపత్రి గుమ్మము త్రొక్కిన తరువాతి గంట కాదు! ఆ గంట రోడ్డుమీదనే ప్రారంభమగుచున్నది. ఇనుములో చిక్కినవానికి ఇనుములోనే తీఱిపోవుచున్నది. బిల్లు కట్టుటకు సిద్ధముగా నున్న సర్కారు, బిల్లు కావలసినవానిని గుమ్మమువఱకు తెచ్చు పనిని వైరు రోపులకును గడ్డపారలకును వదలివేసినది. శాసనకర్తలే బంగారమని పేరు పెట్టిన గంటను పాలకులే మట్టిపాలు చేయుచున్నారు.

అగ్నిమాపక సేవ రాజ్యాంగము 12వ అనుసూచిలో పురపాలక సంఘముల కర్తవ్యములలో చేర్చబడినది, రాష్ట్రముల శాఖలు దానిని నడుపుచున్నవి, రహదారి కేంద్రముది, అంబులెన్సు వైద్యశాఖది. నలుగురు అన్నదమ్ములున్న ఇంట తల్లికి అన్నము పెట్టువాడు లేనట్లున్నది. మేము కోరునది వీరిలో ఎవరో ఒకరు పేరు వ్రాసి పూచీపడవలెనని. జాతీయ రహదారిపై ప్రతి అగ్నిమాపక కేంద్రమున పని చేయు కటరు, దానిని త్రిప్పగల ఇద్దరు మనుష్యులు ప్రతి జామునను ఉండవలెను. చిక్కుకొనినాడను మాట వినబడినంతనే అంబులెన్సును ఫైరింజనును ఒక్కసారి కదలవలెను. దాబాలవారికి, పెట్రోలు బంకులవారికి, లారీ క్లీనర్లకు, క్రేను నడుపువారికి ఒక్కొక్క దినము శిక్షణ యియ్యవలెను: పూర్తి తెలివి లేనివాని నోట నీరు పోయరాదు, తల వ్రేలాడినవానికి ఊపిరి దారి తెఱచియుంచవలెను, కారు రక్తమును గుడ్డతో అదిమిపట్టవలెను, బండికి త్రాడు కట్టి లాగరాదు, ఒకరు దగ్గఱనే నిలిచి మాటలాడవలెను. ఇంత నేర్చుటకు పట్టా కావలదు. ఇక ప్రమాదపు కాగితములలో రెండు గళ్లు చేర్పవలెను: చిక్కుకొనిన గంట, విడిపింపబడిన గంట. ఆ రెండు గళ్లు వచ్చిననాడు మా వకీళ్లు దానిమీద ప్రశ్నలు వేయుదురు. మా వకీళ్లు ప్రశ్నలు వేయుదురను భయముననైనను యంత్రములు పలుకును.

ఈ పత్రికను చదువు పఠనమందిరములు పట్టణపట్టణమున నున్నవి. వచ్చు ఆదివారమునాడు ఒక్కొక్క మందిరమునుండి ఇద్దరు ముగ్గురు బయలుదేరి దాపునున్న అగ్నిమాపక కేంద్రమునకు పోయి మర్యాదతో నాలుగు సంగతులు కనుగొనవలెనని కోరుచున్నాము. ఇచ్చట కటరు కలదా? నేడు మీ ఎదుట తిరుగునా? దానిని త్రిప్పనేర్చినవారెందరు? కడపట ఏ తేదీన బండిని కోసి అభ్యాసము చేసిరి? ఆ సిబ్బందిని నిలదీయవలదు. వారు కోరియు దొరకనివి మనకంటె వారికే బాగుగ తెలియును. జవాబులను, కేంద్రము పేరుతోను తేదీతోను, మాకు వ్రాసి పంపుడు. వచ్చినవి వచ్చినట్లు వారము వారము ఈ పుటయందే ప్రకటింతుము. పలుకని యంత్రముల పట్టిక శాసనసభ్యుల చేతికిని, కలెక్టరుల చేతికిని అందజేయు భారము మాది.